కర్త లేని వాక్యాలు

ఔలు పట్నంలో జనవరి మధ్యాహ్నం
రెండున్నరకే దీపాలు వేసుకోవాలి.
బల్ల మీద నాలుగు దేశాల పత్రాలు,
కృత్రిమ మేధకు నీతి నేర్పే విధానాలు.
పేర్లూ రాజముద్రలూ కత్తెరతో తీసేశాను,
జెండా చూసి మార్కులు వేస్తారని.

ఇంజనీరింగ్ మూడో ఏడు పిల్లలు.
తడిసిన చేతితొడుగులు రేడియేటర్ మీద పరిచి
ఆ ఉన్ని వాసనలోనే చదువుతున్నారు.
ఒకదాంట్లో "నమ్మకం" ముప్పై రెండుసార్లు ఉందని
యొన్నె లెక్కపెట్టాడు.
ఇంకోదాంట్లో సామరస్యం ఉంది,
ఫిర్యాదు అన్న మాటే లేదు.
మూడోదంతా పోటీ గురించే;
చివరి పేజీ అంచున మనిషి నిలబడి ఉన్నాడు
ఆఖరి బస్సు తప్పిపోయినవాడిలా.
నాలుగోది పన్నెండు పేజీలు,
అరువు చొక్కాలా భుజాల దగ్గర వదులు.
చిమ్వేమ్వే దాన్ని రెండుసార్లు చదివి
"ఇది మాది కాదు కదా?" అంది.
నేను చెప్పలేదు.

ఎర్ర పెన్సిళ్ళు పంచాను.
ప్రతి క్రియ కిందా గీత, పక్కన "ఎవరు?"
ఇవాళ్టి పాఠం అంతే.

పరిశీలించబడును. ఎవరు?
నష్టం నివారించబడును. ఎవరు?
తగు చర్యలు తీసుకోబడును.
ఎవరు, ఎప్పటికి, అని సుల్గి అదనంగా రాసింది.
మా భాషలోనూ ఉంది ఆ తోక.
క్రియకు తగిలిస్తే చాలు,
చేసినవాడు గుమ్మం దాటి వెళ్ళిపోతాడు,
మంచులో అడుగులు కూడా పడవు.
అరగంటలో నాలుగు దేశాలూ ఒకే రంగుకొచ్చాయి.

"అయితే తేడా ఏముంది, ఇర్మెలీ?"
ఉంది. ఒకచోట కోర్టు తలుపు
జానెడు తెరిచి ఉంది.
ఒకచోట గోడ మీద తలుపు బొమ్మ ఉంది.
ఏది ఏదో మీకు తెలియాలి,
ఉక్కు ఎంత బరువుకి వంగుతుందో తెలిసినట్టు.

"మరి ఈ ఐదోది? ఈ పసుపుపచ్చ కాగితం?"
కట్టలో పొరపాటున వచ్చిందనబోయాను.
పొరపాటున రాలేదు.

పద్దెనిమిదేళ్ళ కిందటి కాగితం మిల్లు.
చుట్టలు కోసే యంత్రం, చెయ్యి దగ్గరికొస్తే ఆగాలి.
సెన్సార్ ఊరికే అరుస్తోందని,
రాత్రి షిఫ్టు లెక్క వెనకబడుతోందని...
రైమో హౌతలకి కుడిచేతి మూడు వేళ్ళు.
నివేదికలో ఒక వాక్యం, నా దస్తూరీ:
"సెన్సార్ తాత్కాలికంగా నిలిపివేయబడింది."
కింద సంతకం పెట్టాను కదా అని
ఇన్నేళ్ళూ సర్దిచెప్పుకున్నాను.
రైమో ఇప్పుడు ఎడమచేత్తో చేపలు పడతాడు.
ఎదురుపడితే తల ఊపుతాడు.
ఆ వాక్యం చదివాడో లేదో అడగలేదు.

చిమ్వేమ్వే పెన్సిల్ ఎత్తింది.
నా ముఖం చూసి దించబోయింది.
గీయమన్నాను.
గీసింది. పక్కన ఆ ఒక్క మాటా రాసింది,
మిగతా అన్నిటికీ రాసినంత అక్షరాల్లోనే.

బయట మంచు తోసే బండి
వెనక్కి నడుస్తూ కూత పెడుతోంది.
పెన్సిల్ అడిగి తీసుకున్నాను.
మా భాషలో "నేను" అని వేరే రాయక్కర్లేదు,
క్రియ చివర ఒక్క అక్షరం సరిపోతుంది.
తోక కొట్టేసి రాశాను:
ఆపాను.

ఎవరూ మాట్లాడలేదు.
రేడియేటర్ మీద తొడుగులు
ఐదేసి వేళ్ళతో
ఆరుతున్నాయి.