ఎనిమిదో తారీఖు బస్సు

త్రియెస్తేలో గాలి సముద్రం మీంచి రాదు,
కొండ మీంచి దూకుతుంది.
బోరా అంటాం దాన్ని.
మార్చి ఎనిమిది పొద్దున
విరిగిన గొడుగులతో చెత్తబుట్టలన్నీ నిండిపోయాయి.

డిపో గేటు దగ్గర మేనేజరు
ఆడవాళ్ళకి తలా ఒక మిమోసా కొమ్మ పంచాడు,
సెలఫేన్ కాగితంలో పసుపుపచ్చటి పూలు.
మేం నలుగురమే. బకెట్‌లో ఇంకా చాలా మిగిలాయి.
"నవ్వు నీవెస్, నీ రోజే కదా!"
నవ్వాను.
ఆడవాళ్ళ మరుగుదొడ్డికి గడియ ఊడి మూడు వారాలైంది.
ఆ సంగతి పువ్వుతో చెప్పుకున్నాను.

రెండో స్టాపులో ఒక పెద్దమనిషి టోపీ తీసి
శుభాకాంక్షలు చెప్పాడు. ఆ ఊపిరితోనే
"మలుపు దగ్గర జాగ్రత్తమ్మా, గాలి ఎక్కువగా ఉంది."
పంతొమ్మిదేళ్ళ నుంచి తిప్పుతున్నాను ఆ మలుపుని.
నా మోచేతిని అది గుర్తుపడుతుంది.
మొన్న గోడకి గీసుకుపోయిన ఎదోవార్దోకి
ఎవరైనా జాగ్రత్త చెప్పారో లేదో.

ఆస్పత్రి దగ్గర స్తెలియానా ఎక్కింది.
మోల్దోవా మనిషి. ముసలి తుల్లియోని చూసుకుంటుంది.
స్నానం, మందులు,
రాత్రి మూడింటికి ఆయన చనిపోయిన పెళ్ళాం పేరుతో పిలిస్తే
ఊఁ అనడం.
చివరిది జీతంలో లేదు.

డ్రైవరుతో మాట్లాడరాదు అన్న బోర్డుకే ఆనుకుని
కబుర్లు మొదలెట్టింది.
"మా దగ్గర ఇవాళ సెలవు తెలుసా?
పిల్లలు పంతులమ్మలకి తులిప్‌లు మోసుకెళ్తారు.
మా ఆయన ఏడాదికి ఒక్క పూట వండేవాడు.
వీధి వీధంతా మెచ్చుకునేది.
గిన్నెలు మాత్రం తొమ్మిదో తారీఖువి."

వెనక సీట్లోంచి ఎవరో పకపకా నవ్వారు.
భౌతికశాస్త్రం సంస్థలో పనిచేసే జపాన్ ఆవిడ, కనోకో.
వాళ్ళకి మూడో తారీఖున ఆడపిల్లల పండగట.
ఎర్రగుడ్డ పరిచిన మెట్ల మీద బొమ్మలు పేరుస్తారట.
పండగ అవ్వగానే లోపల పెట్టెయ్యాలి,
లేకపోతే పిల్లకి పెళ్ళి ఆలస్యమవుతుంది.
"మా అమ్మ ఏప్రిల్ దాకా మర్చిపోయింది.
నాకు నలభై ఒకటి.
మా ఇంట్లో రుజువైన సిద్ధాంతం అదొక్కటే."
నిన్న సదస్సులో తన ప్రసంగానికి ముందు
ఒకాయన ఖాళీ కాఫీ కప్పు ఆవిడ చేతిలో పెట్టాడట.
"ఏం చేశారు?"
"పట్టుకున్నాను. వేదిక ఎక్కేదాకా పట్టుకునే ఉన్నాను.
మైకు పక్కన పెట్టి మాట్లాడాను."

నాకు మా అమ్మ గుర్తొచ్చింది.
ఈ పువ్వునే కోటుకి గుచ్చుకుని
కాఫీ గోదాముల ముందు కూలి కోసం అరిచేది.
అప్పుడు దానికి సెలఫేన్ లేదు.

ఆఖరి స్టాపులో తలుపు తెరవగానే
గాలి కొమ్మని దులిపేసింది,
స్టీరింగు మీద, నా ఒళ్ళో పసుపు రవ్వ.
దిగబోతూ స్తెలియానా
మణికట్టుకున్న ఎరుపూ తెలుపూ పేనిన దారం విప్పి ఇచ్చింది.
మార్చి ఒకటిన కట్టుకుంటారట,
నెలాఖరుకి పళ్ళచెట్టుకి ముడెయ్యాలట.
"నాలుగో అంతస్తులో నాకు చెట్టెక్కడిది? నువ్వు కట్టు."

డిపోలోనూ చెట్టు లేదు.
మరుగుదొడ్డి తలుపుకీ మేకుకీ బిగించి కట్టాను,
లోపలి నుంచి.

తొమ్మిదో తారీఖున వెళ్ళి చూస్తే
నా ముడి పక్కనే, నాకంటే గట్టిగా,
ఎవరో ఇంకో ముడి వేసి ఉన్నారు.