రాత్రి తొమ్మిదింటి బ్యాచ్

గవర్నరుపేటలో జిరాక్సు షాపు పక్కన
ఇనప మెట్లెక్కితే మా ఇంగ్లీషు.
ఫ్యానొకటి, మేం పదకొండు మంది.
దాన్యేలు మాస్టారు బోర్డు మీద రాసి
కింద గట్టిగా గీత గీశాడు:
ఫ్లాటర్.
"తెలుగులో ఏమంటారు?"

నేను చెప్పకపోతే ఎవరు చెప్తారు?
వస్త్రలతలో పద్నాలుగేళ్లుగా
తెల్లపరుపు మీద మఠం వేసుకుని
ఆ క్రియతోనే కదా అన్నం తింటున్నా.
కాకా పట్టడం, అన్నాను.
మస్కా కొట్టడం, అన్నాడు మెడికల్ రెప్పు కుర్రాడు.
బ్యూటీ పార్లర్ నాగమల్లేశ్వరి మాత్రం
మునగచెట్టు ఎక్కించడం అంది.
"ఎక్కించినోడికేం సార్,
నడుం విరిగేది ఎక్కినోడికి."

పగలంతా నా కళ్లముందు తిరిగింది.
"మీ రంగుకి ఇది కాక ఇంకేది నప్పుద్దండీ?"
చామనఛాయ ఆవిడకీ అదే మాట,
పచ్చటి ఆవిడకీ అదే మాట.
"అమ్మగారా! అక్క అనుకున్నానండీ."
నాలిక్కి నెయ్యి రాసుకుని షట్టరెత్తుతాం.
దించే వేళకి అది పేరుకుపోతుంది.
ఇంటికెళ్లి మా ఆవిడతో
కూర బాగుందని ఒక్క మాట అందామంటే
కరగదు.

తర్వాత పాంపర్.
పిల్లల లంగోటీల పేరనుకున్నా ఇన్నాళ్లూ.
గారాబమట.
ఇండల్జ్ అంటే అడిగిందల్లా ఇవ్వడం,
తప్పని తెలిసీ చూడనట్టు ఊరుకోవడం.
హ్యూమర్ రాశాడు.
"నవ్వు కదా సార్?"
"క్రియ అయితే కాదు.
ఎదుటివాళ్ల ముచ్చట కాదనకుండా
వాళ్ల వెంట కొంత దూరం నడవడం."

అక్కడ నా పెన్ను ఆగింది.

గురువారం గురువారం వస్తుంది భ్రమరాంబగారు,
సొరంగం అవతల నించి షేరాటోలో.
నెమలికంఠం రంగు కావాలి,
సన్నంచుండాలి, బుటాలు ఉండకూడదు.
పరుస్తాను. ముప్పై. నలభై.
ప్రతి చీరనీ వేలికొసతో తాకి
"ఇది కాదబ్బాయ్" అంటుంది.
ఆ రంగు ఎక్కడ చూసిందో, ఏ ఏట చూసిందో
నేనడగలేదు, ఆవిడ చెప్పలేదు.
కొనదు.
కొనదని నాకు తెలుసు,
నాకు తెలుసని ఆవిడకీ తెలుసు.
గల్లాపెట్టె దగ్గర సేటు దగ్గుతుంటాడు.

ఆవిడతో ఎన్నడూ నప్పుద్దని అనలేదు.
మా పరుపు మీద అబద్ధం పడని చోటు
ఆవిడ కూర్చునే ఆ మూరెడే.
లేచేటప్పుడు ఆవిడే అంటుంది:
"నీ చేత్తో మడిస్తే
చీర మగ్గం దిగినప్పటి ముఖం పెడుతుందయ్యా."
అంతే, ఆ పూటంతా
నా వీపు నిటారుగా ఉంటుంది.
సేటు దగ్గు కూడా వినపడదు.

"మరి ఇందులో
ఎవరు ఎవర్ని ఏం చేసినట్టు మాస్టారూ?"
అడిగేశాను.
ఆయన డిక్షనరీ తిరగేశాడు,
కళ్లద్దాలు చొక్కా కొసతో తుడిచాడు,
టైమైంది అన్నాడు.
పోతూ పోతూ చివరి మాట రాశాడు: ప్లీజ్.
అది అందరికీ వచ్చిందే, బతిమాలడం.
డిస్కౌంటుకి, అడ్వాన్సుకి, బస్సులో కిటికీ సీటుకి.
"సంతోషపెట్టడం కూడా.
రేపటికి ఒక వాక్యం రాసుకురండి."

ఏలూరు కాలవ గట్టున నడుస్తూ
వాక్యం కట్టుకుంటున్నా.
క్రియ చేతిలో ఉంది.
భ్రమరాంబగారిని ముందు పెడితే
నేను వెనక్కి పోతున్నా,
నన్ను ముందు పెడితే
ఆవిడ నవ్వి తప్పుకుంటోంది.
కాలవలో దుకాణాల లైట్లు
ఎవరో విప్పి మడవని చీరల్లా ఉన్నాయి.

ఇంట్లో కూర చల్లారిపోయింది. దొండకాయ.
రెండోసారి వేయించుకున్నాను.
బాగుంది, అన్నాను.
మా ఆవిడ గరిటె గిన్నెలో పెట్టి
నా మొహంలోకి చాలాసేపు చూసి
"నాకేం అమ్మాలని?" అంది.