లోతు లెక్క

కాగితాల మీద దాని పేరు ఎనభై ఏడు.
మేం కుంటిది అంటాం.
ఆరు కాళ్ళు, నలభై మంది పట్టే కడుపు,
ఎడమ పక్క నడిమి మోకాలు మాత్రం
పుట్టుకతోనే మొండిది.
పదకొండేళ్ళుగా దానికి గ్రీజు పూస్తున్నది నేనే.
మా అమ్మ మోకాళ్ళకి కూడా ఇన్నిసార్లు నూనె రాయలేదు.

వోర్నా మీద చక్రం పనికిరాదు.
ఉప్పు పెంకు పైకి గట్టిగానే కనిపిస్తుంది,
కింద నల్లబురద నోరు తెరుచుకుని ఉంటుంది.
అందుకని పెద్ద ఓడలవాళ్ళు కాళ్ళున్న బండిని దించారు.
అది మోకరిల్లితే భక్తి అనుకునేరు,
పొట్ట తలుపు తెరవడానికి, అంతే.

ఎక్కేముందు కుర్రాళ్ళు దాని పిక్కల మీద
మేకుతో పేర్లు గీకుతారు.
రెహ్మిన్. పాల్కో. ఇద్దరు సొనాక్‌లు.
గ్రీజు పూసేటప్పుడు నా వేళ్ళు చదువుకుంటాయి.

నా దగ్గరొక ఇనప చువ్వ ఉంది,
రంపంతో గీతలు పెట్టుకున్నది.
బండి కదలగానే గేటు బయటికెళ్ళి
మొదటి అడుగు గుంటలో గుచ్చి చూస్తాను.
నలభై మందితో పోయేటప్పుడు మూడు జానలు.
తిరిగొచ్చేటప్పుడు
రెండున్నర. రెండుంబావు.
టెస్కీ కనుమ నించి వచ్చిన రోజు
రెండు.
తలుపు తెరవకముందే నాకు తెలుస్తుంది
ఎన్ని పళ్ళేలు కడగక్కర్లేదో.
వంటమనిషి యూర్బన్ నా ముఖం చూసి
గంజిలో పిండి తగ్గిస్తాడు.
మా మధ్య మాటేం ఉండదు.

ఉప్పు కరిగే నెల మొదట్లో
ఎర్ర చంద్రుడు పడ్డాక వచ్చింది కుంటిది,
దీపాలన్నీ ఆర్పేసుకుని.
నడిమి మోకాలు మూలుగుతోంది, నేనెప్పుడూ వినని గొంతుతో.
చువ్వ గుచ్చాను.
మూడు జానలు దాటి ఇంకా దిగింది.
పక్క గుంటలో గుచ్చాను. అదే.
పోయినవాళ్ళ కంటే వచ్చినవాళ్ళు బరువు!

డ్రైవర్ తెవ్రిక్ నిచ్చెన మెట్టు మీద కూర్చుని
చేతితొడుగు విప్పుతున్నాడు,
అదే వేలు, మళ్ళీ మళ్ళీ.
"తలుపు ముట్టుకోకు. కొలిమి షెడ్డు దాకా నడిపించేస్తా."
లోపల్నించి దగ్గు. పసిదగ్గు.
చెంచాకి చెంచా తగిలిన చప్పుడు.
గనుల అవతలి ఊళ్ళ భాషలో
ఎవరో ఎవర్నో ఊరుకోమనడం.
ఆ ఊళ్ళని చదును చేసి రమ్మనే కదా పంపింది.

పొద్దున్నే కెప్టెన్ ఓస్లా వచ్చింది.
గుంటలు చూసింది. ఆవిడకీ కళ్ళున్నాయి.
"ఇంత లోతేమిటి?"
కీలెరిగి వాత పెట్టే మనిషి ఆవిడ.
నేను ఉత్త కీలు తెలిసినదాన్ని.
చిట్టా తెరిచి రాశాను:
కరుగు నెల. నేల మెత్తబడింది.
ఆవిడ బూటు మడమతో ఉప్పుని ఒక్క తన్ను తన్నింది.
పెంకు ఖంగుమంది.
ఆ శబ్దం చాలాసేపు
మా ఇద్దరి మధ్యా నిలబడింది.
తర్వాత సంతకం పెట్టింది.

ఎందుకు పెట్టిందో నేనడగలేదు.

షెడ్డులో ఎవరి పిల్లో,
నా గ్రీజు డబ్బా మూత ఊడదీసి
మోకాలికి చెయ్యందక
బండి పాదానికి పూస్తోంది, శ్రద్ధగా, నాలుక బయటపెట్టి.
అక్కడ కీలు లేదు.
చెబుదామనుకుని
చెప్పలేదు.