వల కన్ను

సీతానగరం వెనక కృష్ణ పాయ ఒకటి
పదకొండేళ్లుగా నదితో మాట్లాడటం లేదు.
మధ్యలో పన్నెండు అడుగుల మేట,
మేట మీద పెళ్లిమండపం కూల్చినప్పటి ఇటుక రద్దు,
పక్కనే గుర్రపుడెక్క, ఊదాపూలతో, ఏమీ ఎరగనట్టు.

రద్దు పోసిన రోజు ఎవరూ అర్జీ పెట్టలేదు.
తీస్తానన్న మోకా నాంచారయ్య మాత్రం
ఏడు సంతకాలు తేవాలి.

నేను బెజవాడ ఇరిగేషన్ ఆఫీసులో ఇన్‌వర్డు గుమస్తాని.
ఆయన కాగితం మీద మొదటి నంబరు నేనే వేశాను.
సిమెంటు ఫ్యాక్టరీకి ఏ ఫారమో
ఆయనకీ అదే ఫారం.
పద్నాలుగో గడి: మీ పని వల్ల చేపలకు కలిగే నష్టం?
నాంచారయ్య నా పెన్ను అడిగి తీసుకుని
చాలాసేపు ఆ గడి వంక చూసి
'అవి వస్తాయండి' అని రాశాడు.

కొర్రమీను రాలేదు గానీ
పై ఆఫీసు నుంచి కొర్రీ వచ్చింది.

ఆషాఢంలో ఎర్రనీరు దిగింది.
కడుపుతో ఉన్న వాలుగలు మేట దాకా వచ్చి
ముక్కుతో తట్టి చూసి మళ్లిపోయాయట.
ఆయన చెబుతుంటే
మా కౌంటరు అద్దం గుర్తొచ్చింది నాకు.
ఫైలు అప్పటికి గుంటూరులో
సెలవు మీదున్న ఎవరిదో బల్ల మీద.

మరుసటేడు కొత్తగా వచ్చిన ఏఈ రజియా
ఏడు శాఖల్నీ ఒకే పూట గట్టు మీదకి పిలిచింది.
బూట్ల నిండా బురద, ఒక్క గొడుగు కింద ముగ్గురు.
"నదిని బాగుచేసే పనికి వేరే కాగితం ఉండాలి.
ఒక పేజీ, నెల గడువు" అంది.
నేనే నోరు జారాను:
"గేటు వెడల్పు చేస్తే మేడమ్,
చేప పేరు చెప్పి ఇసుక లారీ దూరుతుంది."

నాంచారయ్య భుజం మీది వల దించి
కన్నులో వేళ్లు పెట్టి చూపించాడు.
"నాలుగు వేళ్ల కన్ను. పిల్ల పోద్ది, పెద్దది ఆగుద్ది.
వల అల్లడం చేతకాక
గుడ్డ కట్టి ఏరంతా ఆపుతున్నారు మీరు."

మినిట్సులో దీన్నెలా రాయాలో తెలియక
'చర్చించడమైనది' అని రాశాను.

ఒక పేజీ ముసాయిదా ఇప్పుడు నా చేతిలో ఉంది.
నాలుగే గడులు.
మూడోది కావాలనే ఇరుకుగా గీశాం:
తీసిన మట్టి ఎక్కడికి పోతుంది?

ఇంకా ఒక సంతకం రావాలి.
పైన వానలంటున్నారు.
తపాలాకి ఇవ్వకుండా నేనే గుంటూరు బస్సెక్కాను,
వారధి మీద కిటికీలోంచి
నీళ్ల రంగు చూసుకుంటూ.