ఊదారంగు పోగు

ఫోను చేతుల బట్టుకొని కూసున్నవు సారూ,
మా గట్టుప్పల్ బడికి
ఐదు మార్కులకు ఎన్నేస్తవమ్మా అని అడుగుతున్నవు.
జర ఆగు. చట్రం మీద వరుస సగంల ఉన్నది.
ముడి వదులైతే రంగు లోపటికి పోతది.

నాకు అచ్చరం రాదు.
బట్ట చూస్తే మాత్రం తెలుస్తది.
పైన మెరుపు చూడం మేము, తిరగేస్తం,
అంచుకాడ గోరుతోని గీకుతం,
ఎలుగుకు అడ్డం పడతం.
బడిని ఎట్ల తిరగేస్తం?

చండూరు నుంచి పసుపుపచ్చ బస్సొస్తది,
టై కట్టిన పిల్లల్ని ఎక్కించుకొని పోతది.
ఆ హారన్ ఇన్నప్పుడల్లా మా ఆయన
హంసికను గూడ ఎక్కిద్దామంటడు.
మా తోటికోడలు ఎక్కించింది.
ఆమె కొడుకు నోట్‌బుక్కుల అట్టలకే రెండు వందలైనయి.

అందుకే ఒక పని చేసిన, నవ్వకు.
దసరా సెలవులైనంక
బిడ్డ బుక్కులు దిద్దెటానికి ఇచ్చే దినం
ఒక్కో బుక్కుల, రాసిన పేజీల నడుమ,
జానెడు ఊదారంగు పోగు పెట్టిన.
తెరిచినోళ్ళ చెయ్యి దానికి తగలక తప్పదు.

సోషల్ బుక్కొచ్చింది.
ఆఖరి పేజీల ఎర్ర సంతకం, పెద్ద రైటు.
నడుమల పోగు
పెట్టినకాడనే నిద్రపోతున్నది.

ఇంగ్లీషు బుక్కు అసలు పోనేలే.
సారు బదిలీ మీద పోయి ఏడాదాయె,
ఆయన కుర్చీ మీద అన్నం గిన్నెలు ఆరబెడుతున్నరు.

సైన్సు బుక్కుల పోగు లేదు.
కింద పడ్డదో, పారేసిండ్రో.
దాన్ని ఏమనాలెనో నాకు తెల్వది.

లెక్కల బుక్కుల
పోగు టేపుతోని అంటించి ఉన్నది.
కింద ఎర్రసిరాతోని రాసింది హంసిక చదివింది:
"దీన్ని స్కేలుతో కొలువు.
మీ అమ్మ ఒక పడుగుకు ఎన్ని ముడులు కడుతుంది?
ఒక్క ముడికి ఎంత కూలి పడుతుంది?
అమ్మను అడిగి చెయ్యి. సబిహా."

ఆ రాత్రి కరెంటు పోయింది.
సెల్లు లైటు నోట్ల బట్టుకొని నా బిడ్డ
చట్రం పొడుగూత వేలు నడిపించింది.
అరవై వరుసలు. వరుసకు అరవై.
పదిహేనేండ్ల సంది కడుతున్న,
ఒక్కనాడు లెక్కబెట్టలే.
సావుకారి పడుగుకు తొమ్మిది వందలిస్తడు,
కండ్లకద్దుకొని తీసుకుంట.
బిడ్డ భాగారం చేసింది, కొట్టేసింది, మల్ల చేసింది,
పాయింటు ఏడ పెట్టాలెనో తెల్వక పెన్సిలు కొరికింది,
ఆఖరుకు, మెల్లగ,
పావలా అమ్మా, అన్నది.

పావలా.
ఆ బిళ్ళ దుకాణంల తీసుకుంటలేరు గద సారూ.
సైకిల్ ట్యూబు పట్టీ తిప్పీ తిప్పీ
నా బొటనేలు మీద గీతలే లేవు,
మొన్న రేషన్ మిషన్ గూడ నన్ను గుర్తుపట్టలే.

ఆ కాయితం పట్టుకొని సావుకారి కాడికి పోయిన.
ఆయనేమన్నడో అది ఏరే ముచ్చట.
ఇంక నడుస్తున్నది.

ఇగ నీ ప్రశ్నలు అడుగు.
నల్లా ఉన్నది, నీళ్ళు రావు.
ఆడపిల్లల దొడ్డికి గొళ్ళెం లేదు,
ఒకతి లోపటికి పోతే ఇంకొకతి తలుపు పట్టుకుంటది.
గుడ్లు వారానికి మూడంటరు, రెండొస్తయి.
అన్నీ రాసుకో.
లెక్కల మేడం మంచిదని చెప్పిన గదా అని
గొళ్ళెం సంగతి కొట్టేసేవు.

ఆమెకు గూడ బదిలీ వస్తదంటున్నరు.
అది ఏ డబ్బాల రాస్తవు?

ఎన్ని మార్కులంటే ఇప్పుడే చెప్పలేను.
సోషల్ బుక్కుల ఈసారి ఎర్రపోగు పెట్టిన,
మూరెడు, కొసకు ముడేసి,
బయటికి ఏలాడేటట్టు.
శనివారం బుక్కులొస్తయి.
అప్పుడు రా.