లేనంత ఉప్పు

హాలె ఊళ్లో, జాలె నదికి రెండు వీధులివతల
లిఫ్టు లేని మేడ. నాలుగో అంతస్తులో
ఆల్ముట్ రైషెల్ట్ గారి గది.
ఆయాసం తగ్గేదాకా ఆవిడ ఏమీ అడగరు.
ఆ తర్వాత అన్నీ అడుగుతారు.

ఏ పక్కకి తిరిగి పడుకుంటావు?
దాహమేస్తే గుక్కెడు చాలా, గ్లాసంతా కావాలా?
తలనొప్పి ఉరుముకి ముందా, వెనకా?
ఎవరైనా ఓదారిస్తే
హాయిగా ఉంటుందా, ఒళ్లు మండుతుందా?

మండుతుంది, అన్నాను.
అప్పుడు కదిలింది పెన్సిలు.

ఎదుటివాళ్ల మాట రాసుకునే చప్పుడు నాకు కొత్త కాదు.
పదకొండేళ్లుగా నా ఉద్యోగం అదే,
జిల్లా కోర్టులో, కిటికీ లేని వైపు కుర్చీలో.
"ఆమె తలుపు తియ్యలేదు" అని ఒకడు చెప్పిన రోజు
నా మణికట్ల మీద దద్దుర్లు లేచాయి.
"ఐదోసారి కొట్టినప్పుడు" అన్న రోజు
పేగుల్ని ఎవరో తడిబట్టలా పిండారు.
జడ్జి కళ్లద్దాలు తుడుచుకుంటాడు.
వకీలు గడియారం చూసుకుంటాడు.
నేను కామా పెడతాను.
ఆ కామా సాయంత్రం నాతోపాటు ట్రామెక్కుతుంది,
టికెట్టు లేకుండా,
నా పక్క సీట్లో కూర్చుంటుంది.

రక్తం బాగుంది, థైరాయిడ్ బాగుంది,
కాస్త పట్టించుకోవడం తగ్గించు గెజీనే, అన్నాడు మా డాక్టరు.
వానలో నిలబెట్టి
తడవడం తగ్గించమన్నట్టు.

ఆల్ముట్ గారు చెక్క అర తెరిచారు.
నీకు ఉప్పు ఇస్తాను, అన్నారు.

నవ్వొచ్చింది. ఉప్పా?
మా ముత్తాత ఈ ఊళ్లోనే ఉప్పునీళ్లు కాచాడమ్మా,
ఆయన చేతుల పగుళ్లలో తెల్లటి గీతలు
స్నానం చేసినా పోయేవి కావట.
ఉప్పు తిని బతికిన ఇల్లు మాది,
ఉప్పు తక్కువై జబ్బు పడతామా?

తక్కువని కాదు, అన్నారు. ముల్లుని ముల్లుతో.
చుక్క ఉప్పునీళ్లు తొంభై తొమ్మిది చుక్కల నీళ్లలో.
అందులోంచి ఒక చుక్క, మళ్లీ తొంభై తొమ్మిదిలో.
ప్రతిసారీ సీసాని తోలు అట్ట పుస్తకానికేసి కొట్టాలి.
అలా ముప్పై సార్లు.

చివరికి ఎంత మిగులుతుంది?
లెక్క ప్రకారం ఏమీ మిగలదు, అన్నారు,
బస్సు వెళ్లిపోయిందని చెప్పినంత మామూలుగా.
మరి?
మరేమో నాకూ తెలీదు. కొందరు మళ్లీ వచ్చి నయమైందంటారు.
కొందరు రారు.
కెమిస్ట్రీ చదివిన మా అబ్బాయి
ఈ మెట్లెక్కడం మానేసి ఆరేళ్లు.

నాలుక కింద మూడు గింజలు.
తియ్యగా ఉన్నాయి. అంతే.

నవంబరు. మంచు పడీ పడనట్టుంది.
బోనులో ఒక ముసలి తాపీమేస్త్రీ,
కూతురి పేరు చెప్పమంటే
నాలుగు నిమిషాలు ఏమీ చెప్పలేదు.
మౌనానికి మా మెషిన్లో మీట లేదు.
వేళ్లు గాల్లోనే ఆగిపోయాయి.
చెయ్యెత్తాను. పదకొండేళ్లలో ఎప్పుడూ ఎత్తలేదు.
అయ్యా, ఒక్క ఐదు నిమిషాలు ఆపగలరా?
ఆపారు.
ఇంతే సులువని ముందే ఎవరూ ఎందుకు చెప్పలేదో.
బయట నల్లా దగ్గర నీళ్లు తాగాను,
గ్లాసంతా.

ఇది ఆ గింజల పనో,
ఎవరో నన్ను గంటన్నర అడగడం పనో,
ఆ తాపీమేస్త్రీ పనో, నేను ప్రమాణం చేసి చెప్పలేను.
ప్రమాణం విలువ నాకు తెలుసు.

మళ్లీ నాలుగు అంతస్తులు.
దద్దుర్లు పోలేదండీ, కుడిచేతికి తగ్గాయి,
ఎడమచేతికి అలాగే, అంటూ
తాపీమేస్త్రీ సంగతి చెప్పాను, ఆ నాలుగు నిమిషాలూ.
ఆవిడ రాసుకుంటున్నారు, తలొంచుకుని.
రాస్తూ రాస్తూ స్వెట్టరు చెయ్యి పైకి లాగి
మణికట్టు గోక్కున్నారు.
ఎర్రగా, గుండ్రంగా, ఒకదాని పక్కన ఒకటి.
నా దద్దుర్లే.

కింద ట్రాము మలుపు తిరిగింది, గాజు అరలు సన్నగా మోగాయి.
ఇద్దరం ఒకేసారి ఉలిక్కిపడ్డాం.

పెన్సిలు ఆవిడ చేతిలోంచి తీసుకుని
కాగితం నా వైపు తిప్పుకున్నాను.

మీరు ఏ పక్కకి తిరిగి పడుకుంటారు?