మినిట్స్

పదకొండేళ్లుగా ఈ గదిలో మినిట్స్ రాస్తున్నాను.
పొడవాటి బల్ల, కాఫీ మరకల కార్పెట్,
కిటికీ అవతల డులూత్ రేవు,
ఏప్రిల్ వచ్చినా సరస్సుని వదలని మంచు.
ఏడాదికోసారి ఒక్కో పిల్లవాడి ఫైలు
బల్ల మీద వెల్లకిలా పడుకుంటుంది.
డాక్టరు ఉత్తరం, టీచరు మాట, అమ్మ నిట్టూర్పు,
అన్నీ రాస్తాను.
చివర ఒక గడి ఉంటుంది: విద్యార్థి హాజరు.
అందులో అడ్డగీత గీసి గీసి
నా పెన్ను దానంతటదే అటు వంగుతుంది.

మారిట్ ఓయాలా ఫైలు నాకు బాగా తెలుసు.
మారిట్ తెలియదు.

ఇవాళ తనే వచ్చింది.
మోటారు కుర్చీ, ఎర్ర మఫ్లరు,
ఒళ్లో పలికే పలక.
ప్రిన్సిపాల్ కూర్చునే చోటికే నేరుగా వచ్చి ఆగింది.
ఆయన కాఫీ కప్పు పట్టుకుని
పక్కకి జరిగాడు, ఏం చెయ్యాలో తోచక.

"ఈ మీటింగు నాది" అంది పలక.
ఆ గొంతు ఆమెది కాదు,
ఎవరో నడివయసు ఇంగ్లండు పెద్దమనిషిది.
పదహారేళ్ల పిల్ల నోట బ్యాంకు మేనేజరు!
నాకు నవ్వొచ్చింది. ఆమెకీ వచ్చింది.
"వేరే గొంతుకి అప్లై చేసి ఆరు నెలలైంది.
అది రెండో అంశం."

మొదటి అంశం కోసం వేలు
ఒక్కో అక్షరాన్నీ వెతుక్కుంటోంది.
నిమిషం దాటింది.
సైకాలజిస్టు ఉండబట్టలేక, "అంటే మారిట్ ఉద్దేశం..."
ఎడమచెయ్యి ఒక అట్ట ఎత్తింది:
ఆగండి. నా వాక్యం ఇంకా పూర్తవలేదు.

శనివారాలు లైబ్రరీ నేలమాళిగలో
డోరిన్ బోల్యూ నడిపే క్లాసులో చేసుకున్న అట్టట.
చూపు లేనివాళ్లు, వినపడనివాళ్లు, మాట తడబడేవాళ్లు
అక్కడ మొదటి నెలంతా ఒకటే పాఠం చదివారట:
ముందు సారీ, వెనక థాంక్యూ తగిలించకుండా
"నాకిది కావాలి" అనడం.

ఆగాం.
ఈ ఊళ్లో ఓడొస్తే వంతెన పైకి లేస్తుంది.
ఇనప రాయి మోసుకుంటూ అది తాపీగా దాటేదాకా
రెండు వైపులా కార్లు ఇంజన్లు ఆపుకుంటాయి.
ఎవరూ హారన్ కొట్టరు,
పిల్లలు అద్దాలు దించి చేతులూపుతారు కూడా.
వాక్యం కోసం ఆగడమే
మాకెవరికీ అలవాటు లేదు.

దాటింది.
"అక్టోబరులో ఫైర్ డ్రిల్. గంట మోగింది.
అందరూ దిగిపోయారు.
ఉత్తుత్తిదేగా, నువ్విక్కడే ఉండు అని
నన్ను రెండో అంతస్తు మెట్ల దగ్గర వదిలేశారు.
నిజం మంటలో ఎలా బయటపడాలో
అందరూ నేర్చుకున్నారు.
నేను ఉండిపోవడం నేర్చుకున్నాను."

వాళ్లమ్మ చేతిసంచి జిప్పు లాగింది, మళ్లీ వేసింది.

నేను రాస్తున్నాను:
అత్యవసర నిష్క్రమణ విషయమై
విద్యార్థిని అసంతృప్తి వ్యక్తపరచినది.
కుర్చీ ఇటు తిరిగింది.
"ఏం రాశారు? చదవండి."
పదకొండేళ్లలో ఆ మాట ఎవరూ అడగలేదు.
చదివాను. అరువు గొంతులా వినిపించింది నాదే.
"నేను అని రాయండి."
మినిట్స్ ప్రథమ పురుషలోనే ఉండాలి, రూలు, అన్నాను.
వేలు కదిలింది. సైకాలజిస్టు చూపు
గడియారం దాకా వెళ్లి వెనక్కొచ్చింది.
"పుట్టినప్పట్నించీ నా గురించి
అందరూ ఆ పురుషలోనే మాట్లాడారు.
ఒక్క పేజీ మార్చండి."

డ్రిల్ ప్లాను మే పదోతేదీకి ఇస్తామన్నారు.
లిఫ్టు రిపేరుకి డబ్బుల్లేవన్నారు.
గొంతు సంగతి ఇన్సూరెన్సు చూడాలట.
మూడింటికీ తేదీలు అడిగింది.
ఒక్కదానికే దొరికింది.
అదే మడిచి జేబులో పెట్టుకున్నట్టు
మఫ్లరు సర్దుకుని వెళ్లింది.

అందరూ వెళ్లాక పాత వాక్యం కొట్టేసి రాశాను:
నన్ను మెట్ల దగ్గర వదిలేశారు.
పెన్ను ఆగింది.
వదిలేశారు. ఎవరు?
ఆ రోజు గంట మోగగానే
ఫైళ్ల పెట్టె గుండెకి హత్తుకుని,
చక్రానికి కాలు తగలకుండా ఒత్తిగిల్లి,
ఆ మెట్లే దిగిన మనిషి ఒకరున్నారు.

నేను అని రాయడానికి
ఆ పేజీలో ఇంకో చోటు కావలసొచ్చింది.